శారద మొగలో బురద లెక్క

విశాఖపట్నం రేవులో సముద్ర మట్టాన్ని కొలిచే గేజీ అంకెలు 1937 నుంచీ ఉన్నాయి. 2000 దాకా పోగైన ఆ అంకెలకు సగటు కడితే అక్కడ సముద్రం ఏడాదికి 0.97 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినట్టు తేలింది. నిండా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అదే రేవులో అమావాస్యకో పౌర్ణమికో పోటుకూ పాటుకూ మధ్య నీరు సుమారు 1.4 మీటర్లు లేచి దిగుతుంది. ఏడాది పొడవునా సాగే ఊపు ఇంకొకటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సగటు మట్టం బాగా కిందికి పోతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి మళ్లీ బాగా పైకి వస్తుంది. రుతుపవన గాలులు, తీరం వెంట దిశ మార్చుకునే ప్రవాహం, వరద నదులు బంగాళాఖాతంలో కుమ్మరించే మంచినీరు కలిసి చేసే పని అది. ఇంతగా ఊగే నీటిలో ఏడాదికో మిల్లీమీటరు ఎవరికి తెలుస్తుంది?

విశాఖకు దక్షిణాన పూడిమడకలో వల లాగే మనిషికి తెలియదు. ఉప్పుటేటి గట్టున వేళ్లూనిన మొక్కకు తెలుస్తుంది. పోటు వచ్చి పోతుంది, కాలం మారితే నీరు దిగుతుంది, ఆ మిల్లీమీటరు మాత్రం దిగదు. మరుసటి ఏటి పెరుగుదల దాని మీద చేరుతుంది. పైగా ఇప్పుడది ఒక మిల్లీమీటరు కాదు. 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రం ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల వేగంతో పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక చెప్పింది. ప్రపంచం మొత్తం సగటు 1993–2002 మధ్య ఏడాదికి 2.13 మిల్లీమీటర్లుంటే, 2014–2023 దశాబ్దంలో 4.77కు చేరిందని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. ఇరవై ఏళ్లలో వేగం రెట్టింపు దాటింది. తీరంలోని చిత్తడి నేలలకు సముద్రం ఎంత ఎత్తుకు వస్తుందనే దానికంటే ఈ వేగమే ముఖ్యం. ఎందుకో చెప్పాలంటే అనకాపల్లి జిల్లా చక్కని చోటు.

శారదా నది మాడుగుల వైపు కొండల్లో పుట్టి, చోడవరం, అనకాపల్లి మీదుగా వచ్చి, రాంబిల్లి దాటాక వరాహ నదితో కలిసి బంగారమ్మపాలెం దగ్గర సముద్రంలో పడుతుంది. ఇంకాస్త దక్షిణాన పెంటకోట దగ్గర తాండవ నది సముద్రంలో కలుస్తుంది. ఇవి గోదావరి, కృష్ణల్లాగా డెల్టాలు పరిచిన నదులు కావు. వానాకాలంలో ఉరికి, వేసవిలో ఊటగా మిగిలే నదులు. మొగ దగ్గర ఇసుక తిన్నె అడ్డుపడుతుంది, దాని వెనక ఉప్పునీరు, మంచినీరు కలిసి ఉప్పుటేరు అవుతుంది. ఆ ఉప్పుటేటి పక్కన బురద మేటలు, చవుడు పర్రలు, ఉప్పుకు ఓర్చుకునే ఇలకూర లాంటి మొక్కలు, వీలున్న చోట మడ చెట్లు. కాకినాడ పక్కన కోరింగలోలా పడవలో గంటల తరబడి తిరిగే మడ అడవి ఉత్తరాంధ్ర తీరంలో లేదు. కొండలు సముద్రం దాకా చొచ్చుకొచ్చిన ఈ తీరంలో చిత్తడి నేలకు దొరికిన జాగాలే చిన్నవి, గుబుర్లు గుబుర్లుగా ఉంటాయి. చిన్నవి కనుకే వాటి గురించి ఎవరూ పెద్దగా రాయరు. రొయ్య పిల్ల, పీత, కొయ్యింగ చేప ఎదిగేది మాత్రం అక్కడే.

సముద్ర మట్టం పెరుగుదల గురించి పత్రికల్లో వచ్చే మ్యాపులు ఒకే పద్ధతిలో తయారవుతాయి. సముద్రం ఇంత పెరిగితే అంతకంటే పల్లంగా ఉన్న నేలంతా నీలం రంగు. 2008లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం ఇలాగే లెక్కగట్టి, సముద్రం 59 సెంటీమీటర్లు పెరిగితే ఆంధ్ర తీరం మొత్తంలో సుమారు 565 చదరపు కిలోమీటర్ల నేల నీటి పాలవుతుందని చూపింది. ఊళ్లకు, రోడ్లకు, వరి పొలాలకు ఈ లెక్క అక్కరకొచ్చేదే, ఎందుకంటే అవి ఉన్నచోటే ఉంటాయి. చిత్తడి నేల అలా ఉండదు. పైకి లేస్తుంది, వెనక్కి జరుగుతుంది. ఆ రెండూ చేయలేనప్పుడే మునుగుతుంది.

ముందు, అది బతికే ఎత్తు ఎంత సన్నదో చూడాలి. మడ చెట్టు రోజంతా నీటిలో మునిగి ఉండే చోట బతకదు. అసలు పోటు తగలని చోట మామూలు మొక్కలతో పోటీ పడి నిలవలేదు. సగటు సముద్ర మట్టానికీ పెద్ద పోటు అందుకునే గీతకూ మధ్య ఉన్న పట్టీయే దాని ఇల్లు. పోటుకూ పాటుకూ 1.4 మీటర్ల తేడా ఉన్న మన తీరంలో ఆ పట్టీ ఎత్తు అందులో సగం, అంటే సుమారు 70 సెంటీమీటర్లు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో పోటు పది మీటర్ల దాకా లేస్తుంది. అక్కడి మడ అడవికి అర మీటరు పెరుగుదల కొద్దిపాటి ఇబ్బంది. ఇక్కడ అదే అర మీటరు ఇంటిలో చాలా భాగాన్ని ఖాళీ చేయిస్తుంది. పోటు తక్కువ ఉన్న తీరాల్లోని చిత్తడి నేలలే ముందు దెబ్బతింటాయన్నది ఈ శాస్త్రంలో గట్టిగా నిలిచిన మాట.

ఇంత సన్న పట్టీలో ఉంటూ వేల ఏళ్లుగా ఇవి ఎలా నెగ్గుకొచ్చాయి? సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచు యుగం గట్టిగా ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. ఇప్పుడు విశాఖ మత్స్యకారులు వేట సాగించే సముద్రగర్భంలో చాలా భాగం అప్పుడు పొడి నేల. మంచు కరిగి సముద్రం పైకి వస్తున్న కొద్దీ చిత్తడి నేలలు దాంతోపాటే వెనక్కి వచ్చాయి. 6,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చి నిలిచాకే ఇప్పటి డెల్టాలు, మడ అడవులు కుదురుకున్నాయి. కొల్లేరు ఒకప్పుడు సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి కయ్యగా ఉండేదని భూవిజ్ఞానులు చెప్పేది ఆ కాలం గురించే.

పైకి లేచే పని రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది బయటి నుంచి వచ్చే బురదతో. పోటు నీటిలో సన్నని ఒండ్రు తేలుతూ వస్తుంది. మడ చెట్ల కింద నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్ల మధ్య, గడ్డి కాడల మధ్య ఆ నీరు నెమ్మదిస్తుంది. బిందెలో కలకనీరు కదపకుండా ఉంచితే అడుగున మట్టి పేరినట్టే ఇక్కడా పేరుతుంది. ఉప్పు కూడా సాయం చేస్తుంది: మంచినీటిలో విడివిడిగా తేలే బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగిపోతాయి. ఈ ఏర్పాటులో అందమైన మెలిక ఒకటుంది. సముద్రం కొంచెం పెరిగితే చిత్తడి నేల ఇంకాస్త లోతుగా, ఇంకాస్త ఎక్కువసేపు మునుగుతుంది. ఎక్కువసేపు మునిగితే ఎక్కువ బురద దిగుతుంది. ఎక్కువ బురద దిగితే నేల లేస్తుంది. అంటే నేలను ఎత్తే పనిలో సముద్రమే కూలీ.

రెండోది లోపలి నుంచి. వేళ్లు పెరుగుతాయి, చస్తాయి, గాలి అందని బురదలో కుళ్లకుండా మిగులుతాయి. ఏటేటా అలా పేరుకున్న వేళ్లే నేలను లోపలినుంచి ఉబ్బించి పైకి నెడతాయి. నది ఒండ్రు అసలు అందని కరీబియన్ దీవుల్లో ఈ ఒక్క పనితోనే మడ అడవులు నిలిచాయి. బెలీజ్ దేశపు ట్విన్ కేస్ దీవుల్లో మడ వేళ్లతో తయారైన పీటు నేల పది మీటర్ల మందాన ఉంది. అది ఏడెనిమిది వేల ఏళ్ల శ్రమ.

మొక్క ఎంత లోతున బాగా పెరుగుతుందో చూడటానికి అమెరికాలోని సౌత్ కరోలినాలో జేమ్స్ మోరిస్ అనే శాస్త్రవేత్త ఒక తమాషా ప్రయోగం చేశాడు. వేర్వేరు ఎత్తుల్లో కోసిన ప్లాస్టిక్ గొట్టాలను ఏటి బురదలో వరుసగా నిలబెట్టి, వాటినిండా అదే బురద నింపి, ఉప్పు గడ్డి నాటాడు. మరీ ఎత్తు గొట్టాల్లో గడ్డి ఉప్పుకు ఎండింది, మరీ పల్లపు వాటిలో మునిగి చచ్చింది, మధ్యలో ఏపుగా పెరిగింది. తేలిందేమంటే, ఆ ఏపైన ఎత్తు కంటే చిత్తడి నేల కాస్త పైన ఉన్నంతకాలం సముద్రం పెరిగితే మొక్కకు మేలే. ఇంకా బాగా పెరిగి, ఇంకా ఎక్కువ బురద పట్టి, నేలను ఎత్తుకుంటుంది. ఆ ఎత్తు దాటి కిందికి జారిందా, లెక్క తిరగబడుతుంది. మొక్క బలహీనపడుతుంది, బురద పట్టడం తగ్గుతుంది, నేల ఇంకా పల్లమవుతుంది. అక్కడినుంచి కోలుకోవడం అరుదు. బయటికి పచ్చగా కనిపిస్తూనే ఒక చిత్తడి నేల ఈ గీతకు ఏ పక్కన ఉందో కంటితో చెప్పలేం. శాటిలైట్ బొమ్మలో పచ్చదనం చూసి సంబరపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఎలా చెప్పాలి? మిల్లీమీటర్లలో కొలవాలి. దీనికి వాడే పరికరం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఉక్కు కడ్డీని బురదలోకి ఇక దిగనంత లోతుకు, ఒక్కోచోట పదుల మీటర్లు, దించుతారు. దాని తలమీద ఒక అడ్డ చేయి బిగించి, ఆ చేతినుంచి తొమ్మిది సూదులను నేలకు ఆనించి, ఒక్కో సూది ఎంత పొడవు మిగిలిందో చూస్తారు. చేతిని నాలుగు దిక్కులకు తిప్పి అదే పని చేస్తారు. కొన్ని నెలలకోసారి, ఏళ్ల తరబడి. పక్కనే నేలమీద తెల్లని ఫెల్‌స్పార్ పొడి పరుస్తారు. కొంతకాలానికి ఆ తెల్ల పొర మీద ఎంత బురద చేరిందో తవ్వి చూస్తారు. పొడి మీద ఐదు మిల్లీమీటర్లు పేరుకున్నా కడ్డీ దగ్గర నేల రెండు మిల్లీమీటర్లే లేచిందంటే, మిగతా మూడు అడుగున అణిగిపోయాయన్నమాట. పైన పడిన బురదే చూసి నేల లేస్తోందనుకోవడం ఎంత తప్పో ఈ రెండు కొలతల తేడా చెబుతుంది. హోండురస్‌లో 1998 నాటి మిచ్ తుఫాను గ్వనాహా దీవిలో మడ చెట్లను చంపేశాక, కొత్త వేళ్లు పుట్టక, పాతవి కుళ్లి, ఆ నేల ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కుంగింది. అంటే మడ చెట్టును నరికితే పోయేది చెట్టు ఒక్కటే కాదు, దాని కింద నేల ఎత్తు కూడా.

ఇండో–పసిఫిక్ ప్రాంతంలో ఇలాంటి కొలతలన్నీ పోగుచేసి 2015లో కేథరిన్ లవ్‌లాక్ బృందం నేచర్ పత్రికలో రాసింది. వాళ్లు చూసిన చోట్లలో 69 శాతం చోట్ల సముద్రం లేచే వేగం నేల లేచే వేగాన్ని అప్పటికే దాటేసింది. ఆస్ట్రేలియాకు చెందిన నీల్ సెయింటిలన్ బృందం వేరే దారి పట్టింది. గడచిన పదివేల ఏళ్లలో ప్రపంచంలోని 78 చోట్ల మడ అడవులు పుట్టిన, పోయిన చరిత్రను నేల పొరల్లో చదివింది. సముద్రం ఏడాదికి 6.1 మిల్లీమీటర్లు దాటి పెరిగిన కాలాల్లో మడ అడవులు నిలదొక్కుకోలేదని 2020లో తేల్చింది. అదే బృందం 2023లో ఇంకా ముందుకెళ్లి, 4 మిల్లీమీటర్లు దాటితే చిత్తడి నేలలు వెనకబడే అవకాశం ఎక్కువని, 7 దాటితే దాదాపు ఖాయమని చెప్పింది. ఇందాకటి 4.77 అంకెను ఈ రెంటి మధ్య పెట్టి చూడండి. మునిగిపోయే గీత ఎక్కడో శతాబ్దం చివర లేదు. దాని అంచు మీద ఇప్పటికే కాలు పెట్టాం.

అయితే ఇవి సగటు అంకెలు. బురద దండిగా దొరికే చోట నేల ఏడాదికి సెంటీమీటరు కూడా లేవగలదు. కనుక ఏ మొగ దగ్గరికి వెళ్లినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒండ్రు గురించి.

లెక్క కష్టమేమీ కాదు. ఒక హెక్టారు చిత్తడి నేలను 5 మిల్లీమీటర్లు ఎత్తాలంటే 50 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాక్టరు తొట్టెకు మూడు ఘనపు మీటర్లు వేసుకుంటే పదహారు, పదిహేడు లోడ్లు. వంద హెక్టార్లకు ఏటా పదహారు వందల పైచిలుకు లోడ్లు. ప్రతి ఏడూ, ఆగకుండా. ఈ మట్టిని ఇన్నాళ్లూ శారద, వరాహ, తాండవ వరదలు ఉచితంగా మోసుకొచ్చాయి. అనకాపల్లి బెల్లానికి పేరు తెచ్చిన చెరకు తోటలు పెరిగిందీ ఆ ఒండ్రు మీదే. ఇప్పుడు శారద మీద రైవాడ, దాని ఉపనదుల మీద కోనాం, పెద్దేరు, వరాహ వైపు కళ్యాణపులోవ, తాండవ మీద తాండవ జలాశయం ఉన్నాయి. రైవాడ నీళ్లు విశాఖ నగరానికి తాగడానికి కూడా వెళ్తాయి. జలాశయం అంటే నిలిచిన నీరు. నిలిచిన నీటిలో బురద దిగిపోతుంది. గేట్ల ద్వారా కిందికి వచ్చేది తేట నీరు. ఆనకట్టలు తీసేయాలని ఎవరూ అనరు, అనలేరు. ఆయకట్టు లెక్కలో, కరెంటు లెక్కలో రాసుకునే లాభాల పక్కన మొగకు చేరని బురదను కూడా రాసుకోవాలి, అంతే. నదుల్లో ఇసుక తవ్వకాల సంగతి వేరు. ఇసుక తగ్గితే మొదట దెబ్బతినేది మొగ దగ్గరి తిన్నె. ఆ తిన్నె కరిగితే వెనకున్న బురదకు అలల దెబ్బ నేరుగా తగులుతుంది.

చిన్న నదుల కథ చెప్పే అంకెలు తక్కువ గానీ, పెద్ద నది కథ మన ముందే ఉంది. గోదావరి సముద్రానికి మోసుకెళ్లే ఒండ్రు 1970 దశకంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుంటే, 1990 దశకంలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయానికే చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో చూపారు. 1976–2001 మధ్య గోదావరి డెల్టా ముఖం నికరంగా 1,800 హెక్టార్లకు పైగా నేలను సముద్రానికి వదులుకుంది. దీన్ని సముద్ర మట్టం మీదికి తోసేయడం సులువు. నిజానికి ఆ పాతికేళ్లలో సముద్రం పెరిగింది కొద్ది సెంటీమీటర్లే. బురద ఆగడమే అసలు సంగతి. అమెరికాలో మిసిసిపి నది ముఖాన లూసియానా రాష్ట్రం 1932 నుంచి 2016 దాకా సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల పోగొట్టుకుంది. అక్కడా నదికి రెండువైపులా కట్టలు కట్టి ఒండ్రును నేరుగా లోతు సముద్రంలోకి పంపేశారు. చమురు కోసం కాలువలు తవ్వారు, నేల కుంగింది. ఒక్క విషయంలో మాత్రం అనకాపల్లి తీరానిది అదృష్టమే. ఇక్కడ అడుగున ఉన్నది తూర్పు కనుమల గట్టి రాయి. డెల్టా బురదలాగా అది తనకు తాను కుంగదు.

పైకి లేవలేకపోతే వెనక్కి జరగాలి. ఇక్కడ లెక్క తేల్చేది నేల వాలు. నేల వెయ్యి మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే చోట, సముద్రం 60 సెంటీమీటర్లు పెరిగితే పోటు గీత 600 మీటర్లు లోపలికి వస్తుంది. వందకు ఒకటి చొప్పున లేచే చోట 60 మీటర్లే. కొండ అడ్డమొస్తే అసలు రాదు. మొగ వెనకున్న పల్లంలోకి ఉప్పునీరు పాకుతుంది, తడిసిన చవుడులో ముందు ఇలకూర మొలుస్తుంది, ఆ వెనక మడ విత్తనాలు పోటు మీద తేలివచ్చి నాటుకుంటాయి. అంచున చచ్చేది కొంత, లోపల పుట్టేది కొంత. మనిషి జ్ఞాపకంలో పట్టనంత నిదానంగా అడవి నడుస్తుంది. 2018లో మార్క్ షుర్చ్ బృందం ప్రపంచమంతటికీ ఈ లెక్క వేసి ఆశ్చర్యపరిచింది. వెనక్కి జరగడానికి తగినంత జాగా వదిలితే, ఈ శతాబ్దంలో తీరపు చిత్తడి నేలలు తరగకపోగా 60 శాతం దాకా పెరగవచ్చునట. జాగా వదలకపోతే 30 శాతం దాకా పోవచ్చు. ఒకే సముద్రం, రెండు ఫలితాలు.

ఆ జాగాలో మన దగ్గర ఏముంది? విశాఖ నుంచి మొదలుపెడితే, 1933 డిసెంబరులో ప్రారంభమైన విశాఖ లోపలి హార్బరు నిజానికి యారాడ కొండకూ ఊరికీ మధ్య ఉన్న ఉప్పుటేటి చిత్తడిని తవ్వి చేసిందే. ఆ చిత్తడిలో మిగిలిన మడ గుబురు మేఘాద్రి గెడ్డ పక్కన రేవుకూ విమానాశ్రయానికీ మధ్య ఇరుక్కుని ఉంది. అది ఎటు జరగాలి? దక్షిణంగా వస్తే పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, రాంబిల్లి తీరాన నౌకాదళ స్థావరం, 2025 జనవరిలో పూడిమడక దగ్గర శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రం, నక్కపల్లి వైపు బల్క్ డ్రగ్ పార్కు. మధ్య మధ్య రొయ్యల చెరువుల కట్టలు, హేచరీలు, రోడ్లు. వీటిలో ఏది మంచిది, ఏది చెడ్డది అన్నది వేరే చర్చ. చిత్తడి నేల కంటితో చూస్తే అన్నీ ఒకటే: గోడలు. ముందునుంచి నీరు, వెనకనుంచి గోడ. మధ్యలో నేల సన్నబడుతూ పోతుంది.

చట్టం దీన్ని పట్టించుకుంటుందా? కొంతవరకే. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలి. ఆ నోటిఫికేషన్‌లోనే సముద్ర మట్టం పెరుగుదలను, తీరం కోతను లెక్కలోకి తీసుకున్న హాజర్డ్ లైన్ అనే గీత కూడా ఉంది. అయితే దాన్ని విపత్తు నిర్వహణకు, ప్రణాళికలకు వాడుకోమన్నారు, నిర్మాణాలను ఆపే గీతగా పెట్టలేదు. ఇవాళ్టి పోటు గీత దగ్గర నిలబడి ఇవాళ్టి మడ అడవిని కాపాడే చట్టమిది. రేపు మడ ఎక్కడికి రావాలో ఆ నేలకు దీనిలో పేరు లేదు.

ఇక కొండకర్ల ఆవ. అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య తామరలతో, వలస పక్షులతో, రెండు తాటి మొద్దులు జతకట్టిన దోనెలతో అందరికీ తెలిసిన మంచినీటి సరస్సు. సముద్రం దానికి పది కిలోమీటర్ల పైన దూరం. అల వచ్చి దాన్ని ముంచేస్తుందన్నది ఈ తరానికి భయపడాల్సిన సంగతి కాదు. దానికి పొంచి ఉన్నవి రెండు, రెండూ కంటికి కనపడనివే.

ఒకటి, నీరు దిగే దారి. మొగ దగ్గర సముద్రం ఎత్తు పెరిగితే శారద వరద సముద్రంలోకి దిగడం నెమ్మదిస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల రోజుల్లో సముద్రం ఎలాగూ ఏడాదిలో అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. అప్పుడే వరదా వస్తుంది. పల్లపు పొలాల్లో నీరు రెండు రోజులు నిలిచే చోట నాలుగు రోజులు నిలుస్తుంది. రెండోది, భూగర్భ జలం. తీరపు ఇసుక నేలల్లో మంచినీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు మంచినీటి కంటే కొంచెమే బరువు కనుక, మంచినీటి మట్టం సముద్రానికి ఒక మీటరు పైన ఉంటే కింద నలభై మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. పందొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దాల మలుపులో గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు యూరపు తీరంలో విడివిడిగా కనిపెట్టిన సూత్రమిది. దీన్ని తిరగేసి చూస్తేనే అసలు బాధ తెలుస్తుంది: బోర్లతో తోడి పై మట్టాన్ని ఒక్క మీటరు తగ్గిస్తే, ఉప్పునీరు కింద నుంచి నలభై మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. సముద్రం వందేళ్లలో చేసే పని మోటార్లు పదేళ్లలో చేయగలవు. మంచినీటి చిత్తడిలోకి ఉప్పు చేరితే మొక్కలు చావడంతో ఆగదు. ఉప్పునీటితో వచ్చే సల్ఫేటు సాయంతో కొన్ని బాక్టీరియాలు ఎన్నో ఏళ్లుగా పేరుకున్న వేళ్ల పదార్థాన్ని తినేస్తాయి, నేల కుంగుతుంది. బావుల్లో నీరు ఉప్పగా మారడానికీ ఆవ బతుక్కీ అంత దగ్గరి సంబంధం ఉంది.

చేయగలిగేది ఏమైనా ఉందా అంటే ఉంది, కానీ అందరూ ముందు పరిగెత్తేది మొక్కలు నాటడానికి. కేంద్రం 2023 బడ్జెట్‌లో మడ అడవుల కోసం మిష్టీ పథకం ప్రకటించాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. ఎత్తు చూడకుండా, ఖాళీగా ఉందని బురద మేట మీద నాటిన మొక్కలు ఎక్కువగా చస్తాయి. అక్కడ మడ లేకపోవడానికి కారణం అది మరీ పల్లం కావడమే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990 దశకంలో గోదావరి, కృష్ణా మొగల దగ్గర చేసిన పని ఇంకా తెలివైనది. చెట్లు కొట్టేశాక గుంటలు పడి, పోటు నీరు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకున్న పర్రల్లో ముందు కాలువలు తవ్వారు. పెద్ద కాలువ ఒకటి, దాని రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, చేప ముల్లు ఆకారంలో. పోటు నీరు వచ్చి పోవడం మొదలయ్యాక ఉప్పు కడిగేసుకుపోయింది. ఆ తర్వాతే మడ మొక్కలు నాటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాలువలు పూడకుండా చూసుకున్నారు.

ఇంకో దారి కట్టలు తెరవడం. ఇంగ్లండులో సోమర్సెట్ తీరాన స్టీర్ట్ దగ్గర 2014లో సముద్రపు కట్టను కావాలనే తెగ్గొట్టి, వెనకున్న పొలాల్లోకి పోటును రానిచ్చారు. సెవర్న్ నది మొగలో పోటు ఎత్తూ ఎక్కువే, బురదా ఎక్కువే. కొద్ది ఏళ్లలోనే అక్కడ ఉప్పు గడ్డి నేల ఏర్పడింది. మన తీరంలో పోటు చిన్నది, బురద తక్కువ, కనుక అంత వేగం ఆశించకూడదు. కానీ తెరవడానికి చోట్లు లేకపోలేదు. 1990 దశకం మధ్యలో తెల్లమచ్చ తెగులుతో ఎన్నో రొయ్యల చెరువులు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమంది. 2005లో వచ్చిన చట్టం వాటికి మళ్లీ దారి ఇచ్చింది. వదిలేసిన చెరువు గట్టుకు రెండు చోట్ల గండి కొడితే పోటు తనంత తానే బురద తెచ్చి పోస్తుంది, మడ విత్తనాలూ తేలివస్తాయి.

గండి కొట్టమని రైతుకు చెప్పడం మాత్రం సులువు కాదు. పోటు పారిన నేల, మడ మొలిచిన నేల అయిన మరుక్షణం అది కట్టుదిట్టమైన రక్షణ కిందికి పోతుంది. పట్టా కాగితం చేతిలోనే ఉంటుంది, దున్నడానికీ అమ్మడానికీ చెరువు తవ్వడానికీ పనికిరాదు. నష్టపోయిన పొలానికి సర్కారు ఎకరాకు ఇంతని లెక్కగట్టే పద్ధతులు పరిశ్రమల కోసం ఉన్నాయి, సముద్రం కోసం ఖాళీ చేసిన నేలకు లేవు. అలాంటి పద్ధతి రాసేదాకా ఏ రైతూ తన గట్టుకు గండి కొట్టడు, కొట్టమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు.